ఆహార పరిశోధనలో కెరీర్: సజ్జ పిండితో మొదలుపెట్టండి

మా అమ్మమ్మ సజ్జలు ఎప్పుడూ నాలుగు రోజులకు సరిపడా మాత్రమే పట్టించేది. పిండి పాతబడితే రొట్టె చేదెక్కుతుందని ఆవిడకు తెలుసు. ఎందుకు చేదెక్కుతుందో మాత్రం తెలియదు. చాలా ఏళ్ల తర్వాత నేను ఒక ల్యాబ్‌లో తెల్లకోటు వేసుకుని అదే ప్రశ్న మీద కూర్చున్నాను. జవాబు ఒక్కరి దగ్గర లేదని అక్కడే తెలిసింది.

కెమిస్టును అడిగితే ఇలా చెప్పాడు: సజ్జల్లో కొవ్వు ఎక్కువ, వంద గ్రాములకు సుమారు 5 గ్రాములు. గింజ గింజగా ఉన్నంతసేపు పర్వాలేదు. పిండి చేయగానే ఆ కొవ్వూ, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైమూ ఒకదానికొకటి తగులుతాయి. ఇంజినీరు, అయితే గింజకు ఆవిరి పట్టించి ఎంజైమును చంపేసి ఆరబెడదాం అన్నాడు. మైక్రోబయాలజీ మేడమ్ వెంటనే అడ్డుపడింది: ఆవిరి పట్టాక సరిగ్గా ఆరకపోతే బూజు పడుతుంది, ఎంత ఆరబెడతారో ముందు చెప్పండి అని. పైపొర తీసేస్తే కొవ్వు తగ్గుతుంది కదా అని ఎవరో అంటే, దానితోపాటు పీచూ ఇనుమూ కూడా పోతాయి, ఇక సజ్జలు తినడమెందుకు అని న్యూట్రిషన్ వాళ్లు కోప్పడ్డారు. చివరికి రొట్టె చేసే అక్క వచ్చి, మీరు వేడి పెట్టిన పిండి ముద్ద కట్టడం లేదు, తడుతుంటే అంచులు పగులుతున్నాయి అంది.

ఐదుగురు చెప్పిందీ నిజమే. కానీ ప్యాకెట్ మీద పడాల్సిన పద్ధతి ఒక్కటే. ఈ ఐదుగురి మాటా విని, ఎవరి మాట ఎంతవరకు పట్టించుకోవాలో తేల్చి, ప్రయోగం చేసి చూపించే మనిషి ఒకరు కావాలి. ఆ పనినే అప్లైడ్ ఫుడ్ రిసెర్చ్ అంటారు. అందులోకి ఎలా వెళ్లాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1. ముందు ఈ పని మీకు నప్పుతుందో లేదో చూసుకోండి

మా చెల్లెలు వరసయ్యే అమ్మాయి ఇంటర్ అయ్యాక "ఫుడ్ టెక్నాలజీ తీసుకుంటా" అంటే ఇంట్లో మొదటి ప్రశ్న "వంట కోర్సా?" అని. రెండోది జీతం ఎంత అని. మొదటిదానికి జవాబు సులువే. కాదు, ఇందులో కెమిస్ట్రీ, సూక్ష్మజీవులు, ఉష్ణ బదిలీ, స్టాటిస్టిక్స్ అన్నీ ఉంటాయి. రెండోదానికి మాత్రం నిజం చెప్పాలి. హైదరాబాద్‌లో మీ క్లాస్‌మేట్ సాఫ్ట్‌వేర్‌లో చేరితే మొదటి జీతం మీకన్నా అతనికే ఎక్కువ ఉంటుంది. ఆ తేడా కొన్నేళ్లు ఉంటుంది. దాన్ని తట్టుకునేంత ఇష్టం ఉంటేనే రండి.

ఇక రోజువారీ పని. ఒకే బిస్కెట్‌ను 40 సార్లు చేయాలి. ప్రతిసారీ ఒక్క మార్పు మాత్రమే. అన్నీ రాసుకోవాలి. మూడు నెలలు నిల్వ ఉంచిన శాంపిల్ తెరిచి వాసన చూడాలి, బాగుంటే ఇంకో మూడు నెలలు ఆగాలి. ఓపిక లేనివాళ్లకు ఇది నరకం. ఏదైనా పాడైతే ఎందుకు పాడైందో తెలుసుకునేదాకా నిద్రపట్టని వాళ్లకు మాత్రం దీనికన్నా మంచి పని దొరకదు.

2. కోర్సులో చేరకముందే వంటింట్లో ఒక ప్రయోగం చేయండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. ఖర్చు కిలో సజ్జలు, రెండు వారాల సమయం.

సజ్జలు ఏరి, మూడు సమాన భాగాలు చేయండి. మొదటి భాగాన్ని ఏమీ చేయకండి. రెండోదాన్ని గుడ్డలో మూటకట్టి మరిగే నీళ్లలో అర నిమిషం ముంచి తీసి, వడకట్టి, పలచగా ఆరబోయండి. మూడోదాన్ని సన్న మంట మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించండి, మాడకూడదు.

రెండో భాగం ఆరిందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో చూసి చెప్పకండి. ముంచకముందు తూకం వేసి రాసుకోండి. ఆరబెట్టాక మళ్లీ తూకం వేయండి. పాత తూకానికి రాకపోతే ఇంకా నీళ్లు లోపలే ఉన్నాయని అర్థం. ఇంజినీర్లు దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు, మీరు వంటింటి త్రాసుతో అదే చేస్తున్నారు.

ఇప్పుడు మూడింటినీ విడివిడిగా పిండి చేయండి. ఇంట్లో మిక్సీ అయితే మంచిది. బయట మరకు తీసుకెళ్తే మీకన్నా ముందు ఎవరో కారం పట్టించి ఉంటారు, ప్రయోగం అక్కడితో సమాప్తం. మిక్సీ అయినా ఒక భాగానికీ ఇంకోదానికీ మధ్య శుభ్రంగా తుడవండి.

మూడు ఒకేలాంటి డబ్బాల్లో పోసి ఒకే చోట పెట్టండి. మొదటి భాగంలోంచి కొంచెం పిండి గట్టిగా మూసి ఫ్రీజర్‌లో దాచండి. తాజా పిండి ఎలా ఉండేదో రెండు వారాల తర్వాత మీకు గుర్తుండదు. పోల్చి చూడటానికి అది పనికొస్తుంది.

మూడో రోజు, ఏడో రోజు, పదో రోజు, పద్నాలుగో రోజు వాసన చూడండి. ఎక్కడైనా బూజు కనిపిస్తే రుచి చూడకుండా పారేసి, ఆ సంగతి రాసుకోండి. బాగున్నవాటితో రొట్టెలు చేయండి. డబ్బాల మీద "ఉడికించింది", "వేయించింది" అని రాయకూడదు. 417, 862, 295 లాంటి మూడంకెల నంబర్లు వేయండి. ఒకటి, రెండు, మూడు అని వేస్తే జనం ఒకటో నంబరుదే మంచిదనుకుంటారు. ఏ నంబరు ఏమిటో మీకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియకూడదు. వీలైతే మీకు కూడా తెలియకుండా తమ్ముడితో నంబర్లు వేయించండి.

ఇంకొంచెం ముందుకు వెళ్దామంటే ట్రయాంగిల్ టెస్ట్ చేయండి. ఒక్కొక్కరికి మూడు రొట్టె ముక్కలివ్వాలి, అందులో రెండు ఒకే పిండివి, ఒకటి వేరే పిండిది. వేరేది ఏదో కనుక్కోమనాలి. ఏమీ తెలియకుండా గుడ్డిగా చెప్పినా ముగ్గురిలో ఒకరికి సరిగ్గా తగులుతుంది. అందుకే 12 మందిలో కనీసం 8 మంది సరిగ్గా చెబితేనే నిజంగా తేడా ఉందని ఒప్పుకుంటారు. ఆరుగురు చెబితే "సగం మంది కనుక్కున్నారు" అని సంబరపడకండి, అది కాకతాళీయం కూడా కావచ్చు.

ఈ రెండు వారాల్లో మీరు చేసిందేమిటో చూడండి. ఎంజైమును వేడితో ఆపారు, తేమ లెక్క కట్టారు, బూజు కోసం కాపలా కాశారు, రుచి పరీక్ష పెట్టారు. అంటే మొదట్లో చెప్పిన ఐదుగురిలో నలుగురి పని మీరొక్కరే చేశారు. ఈ నోటుబుక్కును పారేయకండి. చివర్లో దాని అవసరం వస్తుంది.

3. చదువు

ఇంటర్ తర్వాత తెలుగు రాష్ట్రాల్లోనే మంచి దారులున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద బాపట్లలోనూ, పులివెందులలోనూ ఫుడ్ టెక్నాలజీ కాలేజీలున్నాయి. తెలంగాణలో జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద నిజామాబాద్ జిల్లా రుద్రూరులో ఉంది. వీటిలో ప్రవేశానికి ఈఏపీసెట్ రాయాలి. ఏ స్ట్రీమ్ వాళ్లకు ఎన్ని సీట్లో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, పక్కింటివాళ్లు చెప్పింది నమ్మకండి. జాతీయ స్థాయిలో హర్యానాలోని కుండ్లీ, తమిళనాడులోని తంజావూరుల్లో నిఫ్టెమ్ అనే జాతీయ ఫుడ్ టెక్నాలజీ సంస్థలున్నాయి. 2021లో పార్లమెంటు చట్టంతో ఈ రెండూ జాతీయ ప్రాధాన్య సంస్థలయ్యాయి. అక్కడ బీటెక్‌కు జేఈఈ మెయిన్ కావాలి.

బీఎస్సీ కెమిస్ట్రీయో మైక్రోబయాలజీయో చదివినవాళ్లు ఆలస్యమైపోయిందని బాధపడక్కర్లేదు. నిజానికి ఈ రంగంలో గట్టివాళ్లలో చాలామంది అలా పక్క దారిలోంచి వచ్చినవాళ్లే. పీజీ స్థాయిలో తలుపు పెద్దగా తెరుచుకుంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) ఎమ్మెస్సీ ఫుడ్ టెక్నాలజీ దశాబ్దాలుగా పేరున్న కోర్సు. ఇంజినీరింగ్ వైపు ఐఐటీ ఖరగ్‌పూర్, ముంబైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐసీటీ) ఉన్నాయి.

పీజీ ప్రవేశానికి గేట్ పరీక్ష రాసేవాళ్లకు ఒక చిన్న మాట. ఫుడ్ టెక్నాలజీ అనే సెక్షన్ గేట్‌లో రెండు పేపర్లలో ఉంది, ఎక్స్‌ఈ (ఇంజినీరింగ్ సైన్సెస్)లో ఒకటి, ఎక్స్‌ఎల్ (లైఫ్ సైన్సెస్)లో ఒకటి. ఎక్స్‌ఈలో ఇంజినీరింగ్ మ్యాథ్స్ తప్పనిసరి, దానితోపాటు థర్మోడైనమిక్స్ లాంటివి ఎంచుకోవచ్చు. ఎక్స్‌ఎల్‌లో కెమిస్ట్రీ తప్పనిసరి, పక్కన మైక్రోబయాలజీనో బయోకెమిస్ట్రీనో పెట్టుకోవచ్చు. ఏ పేపర్ సులువని స్నేహితులను అడగకండి. పాత ప్రశ్నపత్రాలు రెండూ ముందు పెట్టుకుని ఒక ఆదివారం కూర్చోండి. ఏది చేస్తుంటే టైం తెలియలేదో అదే మీ శాఖ. పరీక్ష సంగతి తర్వాత, ఈ జవాబు మీకు తర్వాతి మెట్టుకు కావాలి.

4. ఒక బావి లోతుగా తవ్వండి

అన్ని శాఖలకూ మధ్య నిలబడే ఉద్యోగం కదా, అన్నీ కొంచెం కొంచెం నేర్చుకుంటే చాలనుకోవడం నేను చూసిన పెద్ద పొరపాటు. అలాంటివాళ్లు మీటింగుల్లో బాగా మాట్లాడతారు, ల్యాబ్‌లో ఎవరూ వాళ్ల మాట వినరు. కెమిస్ట్రీయో, మైక్రోబయాలజీయో, ప్రాసెస్ ఇంజినీరింగో, ఏదో ఒకదానిలో "ఇది నాకు వచ్చు" అని గుండె మీద చెయ్యేసి చెప్పగలగాలి. ఒక బావి నీళ్లు తగిలేదాకా తవ్వినవాడికే పక్క బావి ఎంత లోతుందో అంచనా ఉంటుంది.

1950లో మైసూరులో మొదలైన సీఎఫ్‌టీఆర్‌ఐ తొలి రోజుల్లో చేసిన పనుల్లో గేదె పాలతో పసిపిల్లల ఆహారం తయారీ ఒకటి. మన దేశంలో గేదె పాలు ఎక్కువ. కానీ వాటిలో కొవ్వు ఆవు పాలకన్నా బాగా ఎక్కువ, విరిగితే గడ్డ గట్టిగా ఉంటుంది, పసి కడుపుకు పడదు. పాల కెమిస్ట్రీ తెలిసినవాళ్లు, పోషకాహారం తెలిసినవాళ్లు, పాలను పొడిగా మార్చే యంత్రాలు తెలిసినవాళ్లు కలిసి కూర్చోకపోతే అది జరిగేది కాదు. తర్వాత గుజరాత్‌లోని ఆణంద్ సహకార డెయిరీ దాన్ని తయారుచేసి అమ్మింది. ఆ బృందంలో ఎవరి శాఖలో వాళ్లు లోతున్నవాళ్లే ఉన్నారు. అందుకే ఒకరి మాటకు ఇంకొకరు విలువిచ్చారు.

5. పక్క శాఖల భాష నేర్చుకోండి

ఇప్పుడు అసలు సంగతి. శాఖల మధ్య గొడవల్లో సగం విజ్ఞానం గురించి ఉండవు, మాటల గురించి ఉంటాయి. ఒకే మాటకు ఇద్దరూ వేర్వేరు అర్థాలు పెట్టుకుంటారు. మూడు ఉదాహరణలు చెబుతాను, మూడూ నేను స్వయంగా దెబ్బతిన్నవే.

మొదటిది తేమ. కెమిస్టు "25 శాతం తేమ" అంటే వంద కిలోల తడి గింజల్లో 25 కిలోల నీళ్లు అని అర్థం. దీన్ని వెట్ బేసిస్ అంటారు. డ్రయ్యర్ డిజైన్ చేసే ఇంజినీరు 25 శాతం అంటే, వంద కిలోల పొడి పదార్థానికి 25 కిలోల నీళ్లు. అది డ్రై బేసిస్. చూడ్డానికి చిన్న తేడా. కానీ లెక్క వేయండి: వంద కిలోల తడి సజ్జలను 25 నుంచి 12 శాతానికి దించాలి. వెట్ బేసిస్‌లో అయితే సుమారు 14.8 కిలోల నీళ్లు పోవాలి. డ్రై బేసిస్‌లో అయితే 10.4 కిలోలే. నా మొదటి ఉద్యోగంలో నేను ఇచ్చిన అంకె మీద ఎవరూ బేసిస్ అడగలేదు, నేనూ రాయలేదు. డ్రయ్యర్ టైం తక్కువ సెట్ చేశారు. వారం తిరిగేసరికి బస్తాల్లో వెచ్చదనం, ముక్కిన వాసన. ఆ రోజు నుంచి తేమ అంకె పక్కన బేసిస్ రాయని కాగితం మీద నేను సంతకం పెట్టను.

రెండోది నీళ్లే, కానీ ఇంకో కోణం. తేనెలో దాదాపు 18 శాతం నీళ్లుంటాయి, ఏళ్ల తరబడి పాడవదు. పిండిలో అదే 18 శాతం ఉంటే కొద్ది రోజుల్లోనే బూజు. ఎందుకంటే తేనెలో చక్కెర నీళ్లను పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవికి వాడుకోవడానికి దొరకనివ్వదు. అందుకే మైక్రోబయాలజిస్టు ఎంత నీళ్లున్నాయని అడగదు, వాటర్ యాక్టివిటీ ఎంతని అడుగుతుంది. అది 0 నుంచి 1 వరకు ఉండే అంకె. మామూలు నీళ్లకు 1. మన ఆవకాయ నిలవ ఉండటానికి ఒక కారణం ఉప్పు ఈ అంకెను కిందికి లాగడం. పులుపు పీహెచ్‌ను తగ్గిస్తుంది, పైన నూనె గాలిని అడ్డుకుంటుంది. ఒక్కో అడ్డంకి ఒంటరిగా చాలదు, అన్నీ కలిస్తే సూక్ష్మజీవి దాటలేదు. అయినా తడి గరిటె పెట్టొద్దని అమ్మలు ఎందుకు తిడతారో ఇప్పుడు మీకు అంకెల్లో తెలుస్తుంది.

మూడోది ప్రొటీన్. రిపోర్టులో "ప్రొటీన్ 11 శాతం" అని ఉంటే యంత్రం ప్రొటీన్‌ను కొలిచిందనుకుంటాం. మామూలు కెల్‌డాల్ పద్ధతి కొలిచేది నైట్రోజన్‌ను. దాన్ని 6.25తో గుణించి ప్రొటీన్ అని రాస్తారు. గోధుమకు 5.70, పాలకు 6.38 వాడతారు. 2008లో చైనాలో పాలల్లో మెలమిన్ అనే రసాయనం కలిపినప్పుడు ఈ పద్ధతి మోసపోయింది, ఎందుకంటే మెలమిన్ నిండా నైట్రోజనే. పిల్లలు చనిపోయారు. ఏ అంకె చూసినా యంత్రం నిజంగా ఏం కొలిచిందని అడిగే అలవాటు చేసుకోండి.

ఈ భాష పుస్తకాల్లో కొంత దొరుకుతుంది. మిగతాది పక్క ల్యాబ్‌లో టీ తాగుతూ దొరుకుతుంది. కాలేజీలో ఉండగానే వేరే డిపార్ట్‌మెంట్ సీనియర్ ప్రాజెక్టులో వారానికి ఒక పూట చేతి సాయం చేయండి. గాజు సామాను కడగమన్నా కడగండి. సూక్ష్మజీవులను పెంచే పెట్రీ డిష్‌ను పదిసార్లు పట్టుకున్న ఇంజినీరుకు "స్టెరైల్" (ఒక్క సూక్ష్మజీవి కూడా లేనిది) అన్న మాట బరువు తెలుస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సిన పుస్తకం ఒకటి చెబుతాను. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పోషక విలువల పట్టికలు. 528 ఆహార పదార్థాల వివరాలున్నాయి. బచ్చలి నుంచి చేపల దాకా మన తిండి గురించి మాట్లాడేటప్పుడు అమెరికా పట్టికలు వాడాల్సిన అవసరం లేదు.

6. పెద్ద యంత్రం దగ్గరికి వెళ్లండి

ల్యాబ్‌లో పళ్లెంలో ఒక సెంటీమీటర్ మందం పరిచిన సజ్జలకు ఆవిరి పట్టిస్తే అన్ని గింజలకూ సమానంగా తగులుతుంది. అదే పని వంద కిలోల బుట్టలో చేస్తే పై గింజలు ఉడికిపోతాయి, నడిమధ్య గింజలు గోరువెచ్చగా ఉంటాయి. పాత్ర పొడవు, వెడల్పు, లోతు రెట్టింపు చేస్తే లోపలి సరుకు ఎనిమిది రెట్లవుతుంది, బయటి ఉపరితలం మాత్రం నాలుగు రెట్లే. వేడి వెళ్లేది ఆ ఉపరితలం నుంచి. కాబట్టి ల్యాబ్‌లో పట్టిన టైం ఇక్కడ చాలదు.

నేను చూసిన ఒక ట్రయల్‌లో సరిగ్గా ఇదే జరిగింది. టెస్టుకు పంపిన శాంపిల్ బుట్ట పైనుంచి తీశారు, రిపోర్టు బ్రహ్మాండంగా వచ్చింది. మార్కెట్లోకి వెళ్లిన ప్యాకెట్లలో కొన్ని చేదెక్కాయి, కొన్ని ఎక్కలేదు. ఫిర్యాదులు చూసి అందరూ ప్యాకింగ్ కవర్‌ను తిట్టారు. అసలు దోషం శాంపిల్ తీసిన చోట ఉందని తేలడానికి రెండు నెలలు పట్టింది. అదీ లోడింగ్ చేసే కుర్రాడు "లోపలి గింజలు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి సార్" అన్నాక. ఆ కుర్రాణ్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

అందుకని మూడో సంవత్సరం సెలవుల్లో ఏసీ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ దొరికినా, ఫ్యాక్టరీ ఫ్లోర్ మీద దొరికినా రెండోదే తీసుకోండి. రైస్ మిల్లు, డెయిరీ, పచ్చళ్ల యూనిట్, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్, ఏదైనా సరే. గోదావరి జిల్లాలవాళ్లకూ, భీమవరం చుట్టుపక్కలవాళ్లకూ రొయ్యల ప్లాంట్లు దగ్గర్లోనే ఉంటాయి. అక్కడ ఆపరేటర్ పక్కన నిలబడి, ఏ రోజు సరుకు ఎందుకు తిరగ్గొట్టారో రాసుకోండి.

7. తినేవాళ్లను మరచిపోకండి

దీనికి రేషన్ బియ్యం కథ చాలు. ఫోర్టిఫైడ్ రైస్‌లో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బీ12 కలిపిన గింజలను బియ్యం పిండితోనే, పిండిని ఒత్తి గింజల్లా మలిచే ఎక్స్‌ట్రూడర్ యంత్రంలో తయారుచేసి, వంద కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో చొప్పున కలుపుతారు. కెమిస్ట్రీ, ఇంజినీరింగ్, పోషకాహారం అన్నీ ఆలోచించారు. కానీ కడిగేటప్పుడు ఆ గింజల్లో కొన్ని నీళ్లమీద తేలాయి. మన ఊళ్లలో ఆడవాళ్లు వాటిని ఏరి పారేశారు. ప్లాస్టిక్ బియ్యం ఇస్తున్నారని గొడవలయ్యాయి. పోషకాలున్న గింజ ఏదో సరిగ్గా అదే చెత్తబుట్టలోకి వెళ్లింది.

తప్పు వాళ్లది కాదు. బియ్యంలో తేడా గింజ ఏరడం తరతరాలుగా వాళ్ల క్వాలిటీ కంట్రోల్. మీరు ఏ ప్రాజెక్టు చేసినా మొదటి నెలలోనే ఒక ఊరికి వెళ్లి, దాన్ని ఎవరు కడుగుతారు, ఎవరు వండుతారు, ఎంత మంట పెడతారు, మిగిలింది ఎక్కడ దాస్తారు అని చూసి రండి.

8. ఉద్యోగం ఎక్కడ వెతకాలి

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు అదృష్టవంతులు. సజ్జలు, జొన్నల మీద పనిచేసే భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది, చిరుధాన్యాల స్టార్టప్‌లకు చేయూతనిచ్చే న్యూట్రిహబ్ కూడా అక్కడిదే. పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1972 నుంచి ఉంది, సజ్జ దాని ముఖ్య పంటల్లో ఒకటి. 1918లో కూనూరులో చిన్న యూనిట్‌గా పుట్టిన పోషకాహార సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. చేపలూ రొయ్యలూ ఇష్టమైతే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ)కి విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది.

వీటిలో చేరడానికి పీహెచ్‌డీ దాకా ఆగక్కర్లేదు. ప్రాజెక్టులకు తాత్కాలికంగా మనుషులను తీసుకుంటూ ఉంటారు, ఇంటర్వ్యూకు నేరుగా రమ్మంటారు. వాళ్ల సైట్లలో నోటిఫికేషన్లు వారానికోసారి చూడండి. జీతం తక్కువ, ఉద్యోగం ఏడాదికో రెండేళ్లకో అయిపోతుంది, ఆ టెన్షన్ నిజమే. కానీ ఐదు శాఖలవాళ్లు ఒకే కారిడార్‌లో తిరిగే చోట గడిపిన రెండేళ్లు తర్వాత బాగా అక్కరకొస్తాయి. పరిశోధన వైపే ఉండాలనుకుంటే జేఆర్ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) తెచ్చుకోండి. 2023లో దాన్ని నెలకు 37,000 రూపాయలకు పెంచారు.

ప్రైవేటులో "ఆర్ అండ్ డీ" అన్న మాట ఒక్కటే వెతికితే చాలా ఉద్యోగాలు కనబడవు. ప్రొడక్ట్ డెవలప్‌మెంట్, ప్రాసెస్ డెవలప్‌మెంట్, అప్లికేషన్ ల్యాబ్ అని కూడా వెతకండి. అప్లికేషన్ ల్యాబ్ గురించి తెలిసినవాళ్లు తక్కువ. ఫ్లేవర్లు, ఎంజైములు, స్టార్చ్‌లు అమ్మే కంపెనీలు తమ సరుకు కొనేవాళ్ల బిస్కెట్‌లోనో ఐస్‌క్రీమ్‌లోనో ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఇవి నడుపుతాయి. ఈ రోజు నూడుల్స్, రేపు పెరుగు, ఎల్లుండి సాస్. శాఖల మధ్య తిరగడం నేర్చుకోవడానికి అంత మంచి బడి ఇంకోటి లేదని నా అభిప్రాయం.

క్యూసీ (క్వాలిటీ కంట్రోల్) ఉద్యోగంతో మొదలైతే చిన్నబుచ్చుకోకండి. కానీ అందులో రెండేళ్లు దాటుతున్నాయంటే ఆర్ అండ్ డీ వాళ్ల ట్రయల్స్‌కు అడిగి మరీ వెళ్లండి, లేకపోతే అక్కడే ఉండిపోతారు.

9. ఇంటర్వ్యూకు ఆ నోటుబుక్కు తీసుకెళ్లండి

నేను ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకునే ప్యానెల్‌లో కూర్చుంటున్నాను. అందరి బయోడేటాలూ ఒకేలా ఉంటాయి. అదే ప్రాజెక్టు పేరు, అదే "టీమ్ ప్లేయర్". మార్కులు అడగడం ఎప్పుడో మానేశాను. మీరు చేసిన ఒక ప్రయోగం చెప్పండి అంటాను. చెప్పాక, "మళ్లీ చేస్తే ఏం మారుస్తారు?" అని అడుగుతాను.

చాలామంది ఏమీ మార్చను, బాగానే వచ్చింది అంటారు. మీ సజ్జ పిండి నోటుబుక్కు తెరిచి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. రొట్టెలు అందరికీ ఒకే వేడిగా వెళ్లాయా? మొదట తిన్నవాడి నోట్లో పచ్చడి కారం ఉందా? ఆ రెండు వారాల్లో వాన పడిందా, ఆ రోజు గదిలో తేమ ఎంతో రాసుకున్నారా? వాసన బట్టి చేదెక్కిందన్నారు, కొవ్వు విరిగితే వచ్చే ఫ్రీ ఫ్యాటీ యాసిడ్లు ఎంతున్నాయో కాలేజీ ల్యాబ్‌లో టైట్రేట్ చేసి చూశారా? మన ఆహార నియమాల్లో గోధుమ పిండికి ఆల్కహాలిక్ ఎసిడిటీ అనే కొలత ఉంది, పిండి పాతబడితే అది పెరుగుతుంది. దాన్ని మీ మూడు డబ్బాలకూ ఎందుకు పెట్టి చూడలేదు? ఫ్రీజర్‌లో దాచిన పిండికి ఫ్రిజ్ వాసన పట్టి, పోల్చడానికే పనికిరాకుండా పోయి ఉంటుందా?

ఈ సారి వచ్చిన అమ్మాయి ఒకరు ఇలాంటి ప్రశ్నకు రెండు నిమిషాలు ఆలోచించి, "నేను మిక్సీని మధ్యలో చల్లారనివ్వలేదు సార్, మూడో పిండికి ముందే వేడి తగిలి ఉంటుంది" అంది. మేము ఆ సంగతి ఆలోచించనేలేదు. ఆమెను సోమవారం నుంచి రమ్మన్నాం.